డి విటమిన్ కొరత – ప్రేగుల వాపు జబ్బు: ఏది ముందు, ఏది వెనుక?



ప్రేగుల్లో పుండ్లు పడి ఏళ్ల తరబడి బాధపడేవారికి రక్తపరీక్ష చేయిస్తే చాలామందిలో డి విటమిన్ తక్కువగా ఉన్నట్లు తేలుతుంది. మరి ఆ విటమిన్ తగ్గినందువల్ల ప్రేగు చెడిందా, ప్రేగు చెడినందువల్ల విటమిన్ తగ్గిందా? చూడటానికి చిన్న ప్రశ్నే. కాని దీనికి తొందరపడి జవాబు చెప్పుకున్న ఇళ్లలో డాక్టరుగారు రాసిన మాత్రలు అటకెక్కుతాయి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డి విటమిన్ పొట్లం ఒక్కటే మిగులుతుంది. కొన్ని నెలలు గడిచేసరికి మనిషి మళ్లీ ఆస్పత్రి మంచం మీద ఉంటాడు. అందుకే ఈ వారం ఈ విషయాన్ని కాస్త నిదానంగా చూద్దాం.

మొదట జబ్బు సంగతి. డాక్టర్లు దీనిని ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్ అనీ, పొట్టిగా ఐ.బి.డి. అనీ అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కొలైటిస్ అనేది పెద్దప్రేగు లోపలి పొరకు వచ్చేది. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఈ పేరుతో దీనిని 1859లో లండను వైద్యుడు శామ్యూల్ విల్క్స్ వర్ణించాడు. రెండవది క్రోన్స్ జబ్బు. 1932లో న్యూయార్కులోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన బరిల్ క్రోన్, లియాన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు దీనిని లోకానికి తెలియజేశారు. ఇది నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు గాని, చిన్నప్రేగు చివరి భాగమంటే దీనికి మరీ ఇష్టం. పైపొరతో ఆగక ప్రేగు గోడ మందమంతా తినేస్తుంది. రెండింటిలోనూ జరిగేది ఒకటే: బయటి క్రిముల నుండి ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ సొంత ప్రేగు మీదికే తిరగబడుతుంది. కంచే చేను మేసినట్లన్నమాట.

ఐ.బి.ఎస్. అని మరొకటి ఉన్నది. ఒక్క అక్షరమే తేడా గాని, అది వేరే జబ్బు. అందులో కడుపునొప్పి, విరేచనాలు ఉన్నా ప్రేగులో పుండు ఉండదు, రక్తం పడదు. ఈ రెంటినీ కలిపేసుకొని కంగారు పడేవారూ ఉన్నారు, కలిపేసుకొని నిర్లక్ష్యం చేసేవారూ ఉన్నారు.

మన ఊళ్లలో ఈ జబ్బు ఎలా దాక్కుంటుందో చెప్పాలి. విరేచనంలో రక్తం పడితే మనవాళ్లు ముందు అనేమాట "మొలలు". పసరు మందు, కారం మానడం, పథ్యం. కొన్నాళ్లకు "అమీబా" అని ఒక కోర్సు మాత్రలు. క్రోన్స్ జబ్బుకు మరో చిక్కు ఉన్నది. మనదేశంలో ప్రేగులకు క్షయ కూడా వస్తుంది. అది కూడా చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసే చోటనే కూర్చుంటుంది. కెమెరా గొట్టంతో చూసినా, ముక్క తీసి పరీక్షించినా రెండింటినీ విడదీసి చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. అందుచేత కొందరు నెలల తరబడి క్షయ మందులు వాడాక, గుణం కనిపించనప్పుడు అసలు జబ్బు బయటపడుతుంది. ఇందులో డాక్టర్ల తప్పేమీ లేదు. క్షయ ఇంతగా ఉన్న దేశంలో దానిని ముందు అనుమానించడమే సబబు.

ఇది తెల్లవారి జబ్బు, పట్నం జబ్బు అని ఒకప్పుడు అనుకొనేవారు. ఇప్పుడు ఆ మాట చెల్లదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు కడుపు బాధలున్న 30,000 మందికి పైగా పల్లె, పట్నవాసులను పరీక్షించి 2023లో ప్రకటించిన అధ్యయనంలో పల్లెల్లోనూ ఈ జబ్బు కనిపించింది. కనుక మూడు నాలుగు వారాలు దాటిన విరేచనాలు, రక్తం, నిద్రలో లేపి మరీ పరుగెత్తించే విరేచనం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, వాటితో పాటు కీళ్లనొప్పులో, కళ్లు ఎర్రబడటమో ఉంటే "మొలలే" అని ఇంట్లో తీర్పు చెప్పుకోవద్దు.

ఇక డి విటమిన్. దీని కథలో మనకు పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో పొగ కమ్మిన ఇంగ్లండు పట్టణాల్లో పిల్లల కాళ్లు దొడ్డి కాళ్లయి వంగిపోయేవి. దానినే రికెట్స్ అంటారు. థియొబాల్డ్ పామ్ అనే మిషనరీ వైద్యుడు జపానులో పనిచేసి ఇంగ్లండు తిరిగి వెళ్లాడు. జపానులో తాను చూడని జబ్బు ఇక్కడ వీధివీధినా ఎందుకున్నదని ఆలోచించి, దేశదేశాల్లో ఉన్న మిషనరీల నుండి ఉత్తరాలు తెప్పించుకొని, 1890లో ఎండ ఉన్న చోట రికెట్స్ లేదని రాశాడు. అది కేవలం ఒక పోలిక. రుజువు కాదు. రుజువు ముప్పై ఏళ్లకు గాని రాలేదు. 1919లో బెర్లినులో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల వైద్యుడు జబ్బు పిల్లలకు అతినీలలోహిత దీపం కాంతి పట్టించాడు. ఎముకలు గట్టిపడ్డాయి. ఒక చేతికే కాంతి పట్టిస్తే రెండో చేతి ఎముకలు కూడా బాగయ్యాయి. అంటే చర్మంలో ఏదో తయారై రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతున్నదన్నమాట. అదే కాలంలో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలాన్బీ కుక్కపిల్లలకు ఆహారం మార్చి రికెట్స్ తెప్పించి, కాడ్ చేపనూనెతో నయం చేశాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ నూనెలోని గుణానికి డి విటమిన్ అని పేరు పెట్టాడు.

చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి చుట్టమైన ఒక పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు దానిమీద పడినప్పుడు డి విటమిన్ పుడుతుంది. అది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరొకసారి మార్పు చెందాక గాని పనికిరాదు. తిన్న ఆహారంలోని కాల్షియం ప్రేగు నుండి రక్తంలోకి ఎక్కాలంటే ఇది కావాలి. ఇంతవరకు పాత సంగతి. తరువాత తెలిసిందేమంటే, ఈ విటమిన్ వచ్చి తగులుకొనే కొక్కేలు ఎముకకు సంబంధించిన చోట్లనే గాక, ప్రేగు లోపలి పొరలోనూ, రక్షణ కణాల్లోనూ ఉన్నాయి. 2000లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్గరీటా కాంటోర్నా బృందం, పుట్టుకతోనే ప్రేగుజబ్బు వచ్చే స్వభావమున్న ఎలుకలకు డి విటమిన్ లేకుండా చేస్తే జబ్బు తీవ్రమైనదనీ, ఇస్తే నెమ్మదించినదనీ చూపించింది. ప్రేగు పొరలోని కణాలు ఒకదానికొకటి అతుక్కొని గోడలా నిలవడానికి ఈ విటమిన్ తోడ్పడుతుందని మరి కొన్ని ప్రయోగాలు చెప్పాయి.

ఇక్కడే ఆశ పుట్టింది. మనుషుల్లోనూ పోలిక దొరికింది. అమెరికాలో నర్సులమీద ఏళ్ల తరబడి సాగిన పరిశీలనలో 72,719 మంది స్త్రీల లెక్కలు తీసి 2012లో ప్రకటించారు. వారి తిండి, ఎండ, అలవాట్లను బట్టి డి విటమిన్ ఎక్కువగా ఉంటుందని అంచనా కట్టిన వారిలో, తక్కువగా ఉంటుందనుకున్న వారికంటే క్రోన్స్ జబ్బు దాదాపు సగమే వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్ విషయంలో మాత్రం అంత గట్టి తేడా తేలలేదు.

మా విచారణలో ఒక తల్లి అడిగింది: "ఫాదర్‌గారూ, అయితే మావాణ్ణి రోజూ ఎండలో కూర్చోబెడితే ఈ జబ్బు పోతుందా అండీ?" ఆమె ఆశను కాదనలేం. కాని ఆశకు, హేతువుకు మధ్య దూరం ఉంటుంది. సెమినరీలో తర్కశాస్త్రం మొదటి పాఠాల్లోనే ఒక పొరపాటు గురించి నేర్పేవారు: ఒకదాని వెంట మరొకటి వచ్చింది గనుక మొదటిదే రెండవదానికి కారణమనుకోవడం. లాటినులో దానికి పెద్ద పేరుంది గాని మనకు ముసలమ్మ కథ చాలు. నా కోడి కూయకపోతే, నా కుంపటి లేకపోతే ఊరికి తెల్లవారదని అలిగి వెళ్లిపోయిన అవ్వ కథ మీకందరికీ తెలుసు. కోడి కూతా, తెల్లవారడమూ రోజూ జతగానే వస్తాయి. అంతమాత్రాన కోడి సూర్యుణ్ణి లేపదు.

ఈ జబ్బులో ఇంకొక మెలిక ఉన్నది. ఇక్కడ బండి గుర్రాన్ని లాగే అవకాశమూ ఉంది. డి విటమిన్ కొవ్వులో కరిగేది. అది ఒంటబట్టాలంటే పైత్యరసం కావాలి. ఆ పైత్యరసపు లవణాలను శరీరం పారేయదు. చిన్నప్రేగు చివరి భాగంలో తిరిగి పీల్చుకొని మళ్లీ వాడుకుంటుంది. క్రోన్స్ జబ్బు కూర్చునేది సరిగ్గా అక్కడే. ఆ భాగం పుండైతే, లేక ఆపరేషను చేసి తీసివేస్తే, కొవ్వూ ఒంటబట్టదు, దానితోపాటు డి విటమినూ పోతుంది. రోజుకు పదిసార్లు విరేచనమయ్యే మనిషి బయట తిరగడు, ఎండ తగలదు. తింటే నొప్పి అని గుడ్డు మానేస్తాడు, చేప మానేస్తాడు, పాలు మానేస్తాడు. పైగా ఒంట్లో వాపు పెరిగినప్పుడు రక్తంలో డి విటమిన్ కొలత దానంతటదే పడిపోతుంది. పెద్దప్రేగుకు మాత్రమే వచ్చే అల్సరేటివ్ కొలైటిస్‌లో కొవ్వు పీల్చుకొనే చిన్నప్రేగు బాగానే ఉంటుంది గదా, అయినా వారిలో కూడా డి విటమిన్ తక్కువగా కనిపిస్తుందంటే ఈ చివరి కారణాలు తక్కువవేమీ కావు.

మరి ఏది ముందో తేల్చేదెలా? ఒక దారి, విటమిన్ ఇచ్చి చూడడం. 2010లో డెన్మార్కు వైద్యులు జబ్బు సద్దుమణిగి ఉన్న 94 మంది క్రోన్స్ రోగులను చీటీ వేసినట్లు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజుకు 1,200 యూనిట్ల డి విటమిన్, మరో జట్టుకు అదే రూపంలో ఉత్త మాత్ర, ఏడాది పాటు ఇచ్చారు. విటమిన్ తీసుకున్నవారిలో నూటికి 13 మందికి, ఉత్త మాత్ర మింగినవారిలో నూటికి 29 మందికి జబ్బు తిరగబెట్టింది. బాగానే ఉన్నట్లుంది కదూ? కాని మనుషులు అంత తక్కువగా ఉన్నప్పుడు ఇలాంటి తేడా ఊరికే కూడా వస్తుంది. మందులో ఏ గుణమూ లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం నూటికి 6గా లెక్క తేలింది. శాస్త్రజ్ఞులు మామూలుగా పెట్టుకొనే హద్దు నూటికి 5. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాని చుట్టం లాంటి ఫలితమిది. 2023లో కాక్రేన్ సంస్థవారు ఇలాంటి 22 పరీక్షలను, 1,874 మంది లెక్కలను ఒకచోట చేర్చి చూశారు. డి విటమిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గవచ్చు గాని, ఆధారం బలహీనంగా ఉందని తేల్చారు.

రెండో దారి తమాషాగా ఉంటుంది. కొందరికి పుట్టుకతో వచ్చిన జన్యువుల వల్ల జీవితమంతా డి విటమిన్ కొంచెం తక్కువగా ఉంటుంది. అది జబ్బు వల్ల వచ్చిన తక్కువ కాదు, అలవాటు వల్ల వచ్చినదీ కాదు. తల్లి కడుపులోనే పడిన చీటీ. విటమిన్ కొరతే జబ్బుకు మూలమైతే ఇలాంటివారిలో జబ్బు ఎక్కువగా ఉండాలి. డెన్మార్కు, బ్రిటను ప్రజల మీద ఇలా చూసి 2018లో ప్రకటించిన పరిశీలనలో అలా కనిపించలేదు. పామ్ గారి పోలిక హుల్డ్‌షిన్‌స్కీ దీపం దగ్గర నిజమని తేలింది. ప్రేగు జబ్బు విషయంలో పోలిక ఉంది, దీపం ఇంకా దొరకలేదు. నన్నడిగితే, డి విటమిన్ కొరత ఈ జబ్బుకు తల్లి అనడానికి ఆధారం చాలదు. ఇంట్లో చేరి రోగిని మరింత కుంగదీసే చెడ్డ సావాసగాడు అనడానికి మాత్రం కావలసినంత ఉంది.

ఆ సావాసగాడు చేసే అసలు నష్టం ఎముకల్లో జరుగుతుంది. జబ్బు విజృంభించినప్పుడు డాక్టర్లు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ ఇస్తారు. అది మంటను ఆర్పుతుంది, కాని ఎముకలోని కాల్షియాన్ని కరిగిస్తుంది. డి విటమిన్ లేదు, కాల్షియం లేదు, స్టెరాయిడ్ ఉంది. ఇక ముప్పై ఏళ్ల మనిషికి అరవై ఏళ్ల ఎముకలు రావడంలో వింతేముంది? అందుకే స్టెరాయిడ్ వాడుతున్నన్నాళ్లు కాల్షియం, డి విటమిన్ తోడుగా ఇస్తారు. ఎముకకు దెబ్బని భయపడి స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. కొన్ని వారాలుగా వాడుతున్న మందును హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. మెట్టుమెట్టుగా తగ్గించడం డాక్టరుగారి పని.

పరీక్ష విషయం. 25 హైడ్రాక్సీ విటమిన్ డి అని రాస్తారు. మిల్లీలీటరు రక్తానికి 20 నానోగ్రాముల కంటే తక్కువైతే కొరత అని ఎక్కువమంది లెక్కిస్తారు. కొందరు 30 ఉండాలంటారు. 2024లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ, ఆరోగ్యంగా ఉన్నవారందరికీ ఈ పరీక్ష అక్కర్లేదని చెప్పింది. ప్రేగు జబ్బువారు ఆ కోవలోకి రారు. వారికి పరీక్ష అవసరమే. ఇంటిల్లిపాదీ వరసగా చేయించుకొని డబ్బు తగలెయ్యనక్కర్లేదు.

మోతాదు దగ్గర దయచేసి జాగ్రత్తగా చదవండి. మన జాతీయ పోషకాహార సంస్థ, అదే తార్నాకలో ఉన్నది, 2020 లెక్కల ప్రకారం పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు కావాలన్నది. షాపులో దొరికే పొట్లంలోనో, గొట్టం మాత్రలోనో 60,000 యూనిట్లు ఉంటాయి. అంటే వంద రోజుల అవసరం ఒక్కదానిలో ఉన్నది. అందుకే వారానికొకటి చొప్పున కొన్ని వారాలు రాస్తారు. చీటీ సరిగా చదవక రోజుకొకటి మింగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం, మతి తికమక, చివరకు మూత్రపిండాలు దెబ్బతినడం. ఇది కొవ్వులో నిలవుండే విటమిన్ గనుక, ఆపిన తరువాత కూడా వారాల తరబడి ఒంట్లో ఉంటుంది. పొట్లం మీద ఏ వారం ఏ రోజున వేసుకోవాలో పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆదివారం భోజనంతోపాటు అని పెట్టుకుంటే మరచిపోరు. కొంచెం కొవ్వున్న భోజనంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది కూడా.

ఎండ మనకు కావలసినంత ఉంది కదా, కొరతెందుకు అంటారు. తిరుపతి వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు హరినారాయణ్, సహచరులు చుట్టుపక్కల పల్లె, పట్నవాసులను పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా ఈ కొరత విరివిగా ఉందని 2007లో రాశారు. పొలంలో పనిచేసేవారు కొంత నయం. ఆ తిరుపతిలోనే ఏ వేళ ఎండలో డి విటమిన్ బాగా పుడుతుందో చూస్తే, ఉదయం 11 నుండి మధ్యాహ్నం 2 గంటల మధ్య అని తేలింది. పొద్దున్నే లేత ఎండలో కూర్చుంటే హాయిగా ఉంటుంది గాని దానిలో ఆ కిరణాలు బహు స్వల్పం. సులువైన గుర్తు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళే ఆ కిరణాలు దిగుతాయి. అద్దం కిటికీ వెనుక కూర్చున్న ఎండ దీనికి లెక్కలోకి రాదు. అలాగని మే నెల మిట్టమధ్యాహ్నం విరేచనాలతో నీరసించిన మనిషిని బయట నిలబెడితే వడదెబ్బ తగులుతుంది. అజాథయోప్రిన్ అనే మందు వాడేవారి చర్మానికి ఎండ మరీ హాని చేయవచ్చు. వారు డాక్టరుగారిని అడిగే ఎండలోకి వెళ్లాలి. ఇలాంటివారికి మాత్రే మేలు.

తిండిలో డి విటమిన్ ఉన్నవి తక్కువే: కొవ్వున్న చేపలు, గుడ్డు సొన, ఇప్పుడు విటమిన్ కలిపి అమ్ముతున్న కొన్ని పాల ప్యాకెట్లు, నూనెలు. వాటిమీద ప్లస్ గుర్తు, ఎఫ్ అక్షరం కలిపిన ముద్ర ఉంటుంది. మనవారి పథ్యం మీద నాకొక ఫిర్యాదు ఉన్నది. జబ్బు మనిషికి గంజి, చారన్నం, మజ్జిగ నీళ్లు తప్ప మరేమీ పెట్టకుండా నెలలు గడిపేస్తారు. ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. కాని మాంసకృత్తులు లేక, కాల్షియం లేక రోగి చిక్కి శల్యమవుతాడు. పాలు పడనివారిలో చాలామందికి పెరుగు పడుతుంది. రాగుల్లో కాల్షియం పుష్కలం. కాకపోతే ప్రేగు సన్నబడినవారికి పీచు అడ్డం పడుతుంది గనుక జల్లించి జావ కాయాలి, అదీ అడిగి.

తపస్సుకాలంలో ఒక మాట. ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి, 60వ ఏడు మొదలయ్యే వరకే. ఆ వయసులో ఉన్నా జబ్బుపడినవారికి అది వర్తించదు. దివ్యసత్ప్రసాదం పుచ్చుకొనే ముందు గంటసేపటి ఉపవాసాన్ని నీళ్లు, మందులు భంగపరచవు. పొద్దుటి మాత్ర వేసుకొనే పూజకు రండి. విరేచనం భయంతో పూజకు రావడమే మానుకున్నవారు వెనుక బల్ల మీద, తలుపు పక్కన కూర్చోవచ్చు; మధ్యలో లేచి వెళ్లినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. అనుకొనేవారుంటే నాతో చెప్పండి.

పెళ్లి కావలసిన పిల్లలున్న ఇళ్లలో ఈ జబ్బును దాచడం ఎక్కువ. సంబంధాలు చూస్తున్నామని కెమెరా పరీక్ష వాయిదా వేస్తారు. పెళ్లయ్యాక, కొత్తచోట మందులు దాచి దాచి వేసుకొని, చివరకు మానేసి, రక్తం పోయి ఆస్పత్రిలో చేరితే అప్పుడు అందరికీ తెలుస్తుంది. జబ్బు అదుపులో ఉన్నప్పుడు గర్భం దాల్చిన స్త్రీలలో ఎక్కువమందికి కాన్పు క్షేమంగానే జరుగుతుంది. చెప్పి చేసుకున్న పెళ్లిలో ఆ మందులు బల్ల మీదే ఉంటాయి.

పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. క్రోన్స్ జబ్బు చిన్నవయసులో వస్తే కడుపునొప్పి కంటే ముందు ఎదుగుదల ఆగిపోవడమే కనిపించవచ్చు. తోటిపిల్లలు పొడవవుతుంటే వీడు నిరుటి చొక్కాలోనే ఉంటాడు, ఈడేరడం ఆలస్యమవుతుంది. ఎముక గట్టిపడేది ఆ వయసులోనే గనుక డి విటమిన్ కొరత చేసే చెరుపు కూడా అప్పుడే ఎక్కువ. మూడు నెలలకొకసారి బిడ్డను గోడకు నిలబెట్టి పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి, బరువు పక్కనే రాయండి. ఏడాది పాటు గీత కదలకపోతే ఆ కొలతలు కాగితం మీద రాసుకొని పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి. విరేచనం సంగతి బిడ్డ సిగ్గుపడి చెప్పడు, మీరే అడగండి.